కోయభాష మిశ్రభాషయా?

భద్రాచలారణ్యములలో, శబరీగోదావరీతీరములలో కోయలు మాటలాడు నుడిని కొందఱు 'చెడిన తెలుగు' అనియు, మఱికొందఱు మిశ్రభాష అనియు తలంతురు. ఇది విచారింపదగినది.

ఒకరి భాష నొకరెఱుగని జనులు వర్తకమునకో, చాకిరికో కూడినపుడు కొలది పదములతో, క్లుప్తమైన వ్యాకరణముతో వ్యవహారసాధన మొకటి యేర్పడును. దానిని 'పిడ్జిన్' అందురు. అదియే తరువాతి తరపు శిశువులకు మాతృభాషయై పూర్ణవ్యాకరణమును సంతరించుకొన్నచో 'క్రియోల్' అగును. 18వ శతాబ్దిలో మారిషస్ దీవియందు ఫ్రెంచి యజమానులకును, ఆఫ్రికా, మడగాస్కరులనుండి తేబడిన బానిసలకును నడుమ పుట్టిన భాష ఇట్టిది. 19వ శతాబ్దిలో అచటికేగిన తెలుగు కూలీల సంతతివారికిని నేడదియే వ్యవహారభాష.

కోయభాష జన్మ మిట్టిది కాదు. అది గోండీకి సన్నిహితమైన ద్రావిడభాష. తెలుగు పదము లనేకము చేరినను 'నేను' అనుటకు 'నన్న' అనియు, 'నీరు' అనుటకు 'ఏరు' అనియు దాని మూలపదములు నిలిచియున్నవి. క్రియారూపములును స్వకీయములే. 1969లో స్టీఫెన్ టైలర్ ప్రకటించిన గొమ్ముకోయ వ్యాకరణమున వీనిని చూడవచ్చును.

సంస్కృతపదము లపారముగా చేరినను విభక్తులను, క్రియలను బట్టి తెలుగును ద్రావిడభాషయే యనుచున్నాము. ఆ న్యాయమే కోయకును చెల్లవలయును. కాదన్నచో, బడికి వచ్చిన కోయబాలుని మాతృభాషను తప్పుల తెలుగుగా దిద్దుటయే బోధన మగును.