పొగాకు మచ్చల వెంట నాలుగు శాస్త్రాలు

మొజాయిక్ తెగులు పట్టిన పొగాకు మొక్క చచ్చిపోదు, బతికే నష్టం చేస్తుంది. లేత ఆకుల మీద లేతాకుపచ్చ, ముదురాకుపచ్చ మచ్చలు కలగాపులగంగా పడతాయి. ముదురు రంగు ఉన్నచోట ఆకు బొబ్బలెత్తినట్టు ఉబుకుతుంది. మొక్క గిడసబారుతుంది, ఆకు నాణ్యత పడిపోతుంది. ఈ తెగులు పాకడానికి పురుగుతో పని లేదు. నారు పీకే చేతులు, తలలు తుంచే చేతులు, పిలకలు తీసే చేతులే దాన్ని చేనంతా మోసుకెళ్తాయి. సోకిన ఆకు రసం గోటికి అంటితే చాలు, పక్క మొక్కకు అంటుకున్నట్టే.

ఇలాంటి తెగులు మీద వ్యవసాయ శాస్త్రజ్ఞులు తల పట్టుకోవడంలో వింతేమీ లేదు. కానీ దీని చుట్టూ రసాయన శాస్త్రజ్ఞులు, భౌతిక శాస్త్రజ్ఞులు, లెక్కల వాళ్లు, చివరికి మనుషుల జబ్బులను పరిశోధించే వాళ్లూ చేరారు. వాళ్లను పిలిచి ఒకచోట కూర్చోబెట్టిన వారెవరూ లేరు. కారణం చాలా మామూలుది: ఈ తెగులు తెచ్చే వైరస్ బస్తాల కొద్దీ దొరుకుతుంది, ఎండినా పాడవదు, పట్టుకున్నవాళ్లకు ఏమీ చేయదు. పరిశోధకుడికి అంతకంటే మంచి సరుకు ఏముంటుంది?

నెదర్లాండ్స్‌లోని వాఖనింగెన్‌లో పనిచేసిన జర్మన్ శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ మేయర్ 1879లో ఈ పని మొదలుపెట్టాడు. మచ్చల ఆకును నూరి, ఆ రసాన్ని సన్నటి గాజు గొట్టాలతో ఆరోగ్యంగా ఉన్న మొక్కల ఈనెల్లోకి ఎక్కిస్తే పదింట తొమ్మిది జబ్బుపడ్డాయి. తెగులుకు ‘మొజాయిక్’ అని పేరు పెట్టింది ఆయనే. బ్యాక్టీరియా పనే అయి ఉంటుందని 1886లో రాశాడు. ఎంత వెతికినా ఆ బ్యాక్టీరియా మాత్రం కనబడలేదు. 1892లో రష్యాలో ద్మిత్రీ ఇవనోవ్‌స్కీ ఆ రసాన్ని పింగాణీ వడపోత గొట్టంలోంచి పోశాడు. బ్యాక్టీరియా దాటలేని గొట్టం అది. అయినా కిందికి దిగిన తేట రసం మొక్కలకు తెగులు తెప్పించింది. ఇవనోవ్‌స్కీ తన కళ్లను నమ్మలేదు, గొట్టంలో ఏదో పగులు ఉందేమోనని అనుమానించాడు. ఆరేళ్ల తర్వాత డెల్ఫ్ట్‌లో మార్టినస్ బైజరింక్ అదే ప్రయోగం చేసి, ఇది విషం కాదు, ఎదిగే మొక్కలో తనంతట తాను పెరిగే కొత్తరకం అంటువ్యాధి పదార్థమని తేల్చి చెప్పాడు. వైరస్ అనే భావన అక్కడ పుట్టింది. బైజరింక్ తండ్రి పొగాకు వ్యాపారం చేసి చితికిపోయినవాడు. కొడుక్కి పొగాకు ఇలా కలిసొచ్చింది.

కంటికి కనబడనిదాన్ని లెక్కపెట్టేదెలా? 1929లో ఫ్రాన్సిస్ హోమ్స్ దారి చూపాడు. పొగాకుకు దగ్గరి చుట్టమైన మరో మొక్క ఆకు మీద వైరస్ రసం రుద్దితే, అది ఒళ్లంతా పాకదు. చొరబడిన చోటే చుట్టూ ఉన్న కణాలు చచ్చి, రెండు మూడు రోజుల్లో చిన్న ఎండు చుక్కలు లేస్తాయి. రసంలో వైరస్ ఎక్కువుంటే చుక్కలూ ఎక్కువే. చుక్కలు లెక్కపెడితే వైరస్ చిక్కదనం తెలిసిపోతుంది. అయితే ఒక చిక్కుంది. అదే రసం ఒక మొక్క మీద ఎక్కువ చుక్కలు లేపితే, ఇంకో మొక్క మీద తక్కువ లేపుతుంది. ఒకే మొక్కలోనూ పై ఆకు లెక్క వేరు, కింది ఆకు లెక్క వేరు. పోల్చవలసిన రసాలు ఏడు ఉండి, మొక్కకు పనికొచ్చే ఆకులు మూడే ఉంటే ఏం చేయాలి?

న్యూయార్క్ దగ్గర యోంకర్స్‌లోని బాయిస్ థాంప్సన్ సంస్థలో పనిచేసే డబ్ల్యూ. జె. యూడెన్ రసాయన శాస్త్రజ్ఞుడు. ఆర్. ఎ. ఫిషర్ గణాంక పుస్తకం చదివి ఆ లెక్కల మాయలో పడ్డాడు. 1937లో ఈ చిక్కుకు ఆయన చెప్పిన పరిష్కారం కాగితం, పెన్సిలు ఉన్న ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఏడు మొక్కలు తీసుకోండి, ఒక్కోదానికి మూడు రసాలు పూయండి. మొదటి మొక్కకు 1, 2, 4. రెండోదానికి 2, 3, 5. మూడోదానికి 3, 4, 6. ఇలా ఒక్కో అంకె పెంచుకుంటూ వెళ్లి, ఏడు దాటితే మళ్లీ ఒకటికి రండి. అప్పుడు ఏ రెండు రసాలను తీసుకున్నా అవి సరిగ్గా ఒక్కసారి ఒకే మొక్క మీద కలుస్తాయి. పైగా ప్రతి రసమూ పై ఆకు మీద ఒకసారి, నడిమి ఆకు మీద ఒకసారి, కింది ఆకు మీద ఒకసారి పడుతుంది. మొక్కల తేడా, ఆకుల తేడా రెండూ లెక్కలోంచి జారిపోతాయి. ఇలాంటి అమరికలకు ‘యూడెన్ చదరం’ అనే పేరు స్థిరపడింది. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, తర్వాత కేంబ్రిడ్జిలో అదే ఫిషర్ దగ్గర డాక్టరేట్ చేసిన సి. ఆర్. రావు 1940ల్లో కల్పించిన ఆర్తోగనల్ అరే అనే అమరికలూ ఈ కుటుంబంలోవే. అవి పొలం దాటి ఫ్యాక్టరీల నాణ్యత పరీక్షల దాకా వెళ్లాయి.

యూడెన్ చదరానికి రెండేళ్ల ముందే, 1935లో, అమెరికా రాక్‌ఫెల్లర్ సంస్థలో వెండెల్ స్టాన్లీ మచ్చల పొగాకును టన్ను లెక్కన నూరి, సూదుల్లాంటి స్ఫటికాలు తీశాడు. ఉప్పులాగా సీసాలో దాచుకోదగిన పొడి, నీళ్లలో కలిపి ఆకుకు రాస్తే మళ్లీ తెగులు! ప్రాణమున్నదా, లేనిదా అని పత్రికలు గోల చేశాయి. అది శుద్ధ ప్రోటీన్ అన్నాడు స్టాన్లీ. మరుసటి ఏడే ఇంగ్లండ్‌లో బాడెన్, పిరీ అందులో భాస్వరం ఉందని, అంటే ఆర్‌ఎన్‌ఏ కూడా ఉందని చూపించారు. 1946లో స్టాన్లీకి నోబెల్ బహుమతి వచ్చేనాటికి ‘శుద్ధ ప్రోటీన్’ మాట తప్పని తేలి పదేళ్లయింది. బహుమతులకు అలాంటి పట్టింపులు పెద్దగా ఉండవు కాబోలు.

బాడెన్, పిరీల సీసాలో ఇంకో వింత కనబడింది. చిక్కటి వైరస్ ద్రవం కదపకుండా ఉంచితే రెండు పొరలుగా విడిపోయింది. రెండు పోలరైజర్ పలకల మధ్య పెట్టి చూస్తే పై పొర చీకటిగానే ఉంది, కింది పొర మాత్రం వెలిగింది. అది ద్రవ స్ఫటికం. భౌతిక శాస్త్రజ్ఞుడు జె. డి. బెర్నాల్ ఎక్స్ కిరణాలతో చూసి, పొడుగాటి కడ్డీలన్నీ ఒకే దిక్కుకు తిరిగి బారులు తీరాయని చెప్పాడు. 1939లో జర్మనీలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద ఆ కడ్డీల బొమ్మ దొరికింది. మనిషి కంటికి మొదట్లోనే కనబడిన వైరస్‌లలో ఇదొకటి. పొడవు 300 నానోమీటర్లు, మందం 18.

వాటిని బారులు తీర్చిందెవరు? ఒకదాన్నొకటి లాక్కుంటున్నాయా? అక్కర్లేదన్నాడు లార్స్ ఆన్‌సాగర్, 1949లో రాసిన వ్యాసంలో. అగ్గిపెట్టెలో నాలుగు పుల్లలుంటే ఎటు పడితే అటు దొర్లుతాయి, నలభై ఉంటే అడ్డదిడ్డంగా పడుకోవడానికి చోటుండదు. ఒకే దిక్కుకు తిరిగితే తిరిగే స్వేచ్ఛ పోతుంది కానీ, అటూ ఇటూ జరిగే జాగా పెరుగుతుంది. ఒక చిక్కదనం దాటాక పోయినదానికంటే వచ్చినది ఎక్కువ. ఆకర్షణ లేకుండానే, కేవలం కడ్డీల ఆకారం వల్లే క్రమం పుడుతుందని ఆయన లెక్కగట్టి చూపాడు. ద్రవ స్ఫటికాల సిద్ధాంతం చదివేవాళ్లు ఇప్పటికీ అక్కడి నుంచే మొదలుపెడతారు.

కడ్డీ లోపల ఏముందో చూసే పని 1953లో లండన్ బర్క్‌బెక్ కాలేజీకి వచ్చిన రోజలిండ్ ఫ్రాంక్లిన్ చేతిలో పడింది. డీఎన్‌ఏ ఆకారం తేల్చిన కథలో ఆమెకు తగిన గుర్తింపు దక్కకపోవడం అందరూ చెప్పుకుంటారు. ఆమె పూర్తి పట్టు చూపిన పని మాత్రం ఈ పొగాకు వైరస్ మీదే అనిపిస్తుంది. మెలితిరిగిన అణువు మీద ఎక్స్ కిరణాలు పడితే ఫిల్ము మీద ఎలాంటి మచ్చలు వస్తాయో కోక్రన్, క్రిక్, వాండ్ 1952లోనే సూత్రం రాశారు. అందులో వాడింది పాతకాలపు ఖగోళ శాస్త్రజ్ఞుడి పేరు మీద ఉన్న బెసెల్ ప్రమేయాలను. ఆ సూత్రం సాయంతో ఫ్రాంక్లిన్, ఆరన్ క్లగ్ బృందం ఒక్కో కొలతే రాబట్టింది. ఒకే అచ్చులో పోసినట్టున్న దాదాపు 2130 ప్రోటీన్ ముక్కలు, మూడు చుట్లకు 49 చొప్పున మెలికగా పేరుకుని ఉన్నాయి. నడుమ బోలు. ఆర్‌ఎన్‌ఏ దారం ఆ బోలులో కాక, నడిమి గీత నుంచి 4 నానోమీటర్ల దూరంలో ప్రోటీన్ల సందున ఒదిగి ఉంది. 1958 బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శనకు ఆమె ఈ వైరస్ నమూనా తయారు చేయించింది. ప్రదర్శన మొదలవడానికి ముందురోజే, ఏప్రిల్ 16న, క్యాన్సర్‌తో కన్నుమూసింది. వయసు 37.

అప్పటికే ఆమె చేతిలో పోలియో వైరస్ స్ఫటికాలున్నాయి. పొగాకు మీద పదునుపెట్టిన పద్ధతి నేరుగా మనిషి జబ్బు మీదికి వచ్చింది. క్లగ్, జాన్ ఫించ్ 1959లో పోలియో ఫలితాలు ప్రచురించారు. మరో వైపు 1956లో జర్మనీలో గీరర్, ష్రామ్ పొగాకు వైరస్ ప్రోటీన్ తొడుగు మొత్తం ఒలిచేసి ఒట్టి ఆర్‌ఎన్‌ఏను ఆకుకు రాస్తే తెగులు వచ్చింది. తర్వాత రెండేళ్లలోనే పోలియోలోనూ రోగం తెచ్చేది ఆర్‌ఎన్‌ఏయేనని తేలింది.

మరి పొగాకు వైరస్ మనకెందుకు సోకదు? పోలియో వైరస్ మన కణాల పైనున్న ఒకానొక ప్రోటీన్‌కు అతుక్కుని లోపలికి దూరుతుంది. మొక్క కణానికి గట్టి గోడ ఉంటుంది. అక్కడ అలా అతుక్కునే పద్ధతి పనికిరాదు, గాయం కావాలి. గాయంలోంచి దూరడం తప్ప తెలియని వైరస్‌కు మన కణం తలుపు తెరవదు. సిగరెట్ పొగాకులోనూ అది చెక్కుచెదరకుండా ఉంటుంది. పొగ తాగే వాళ్లకు దానితో ప్రమాదం లేదు (పొగతో ఉన్న ప్రమాదం వేరే సంగతి), వాళ్లు ముట్టుకునే టమాటా నారుకు ఉంది. సబ్బుతో చేతులు కడుక్కున్నాకే నారు పట్టుకోమనేది అందుకే.

హోమ్స్ లెక్కపెట్టిన ఎండు చుక్కల రహస్యం 1994లో బయటపడింది. ఆ మొక్కలో వైరస్‌ను గుర్తుపట్టి చుట్టూ కణాలను చంపించే జన్యువును అమెరికాలో వేరుచేశారు. అది తయారుచేసే ప్రోటీన్‌లో ఒక భాగం మన ఒంట్లో జ్వరానికీ వాపుకూ సంకేతాలందుకునే ఇంటర్‌ల్యూకిన్ గ్రాహకాన్ని పోలి ఉంది.

ఇక మిరప. పొగాకు వైరస్‌కు తోబుట్టువు లాంటి మిరప వైరస్ ఒకటుంది. 2006లో సింగపూర్ శాస్త్రజ్ఞులు ఆరోగ్యవంతుల మలంలో ఏయే ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లున్నాయో వెతికితే, అన్నిటికంటే ఎక్కువగా దొరికింది ఇదే. ఎండు మలం గ్రాముకు వంద కోట్ల దాకా! మిరపకాయ సాస్‌ల ద్వారా కడుపులోకి వెళ్లి, జీర్ణాశయంలోని ఆమ్లాన్నీ పేగునూ దాటి బయటపడ్డాక కూడా అది మిరప మొక్కకు తెగులు తెప్పించింది.

కారం తినని ఊరు అరుదు కాబట్టి ఈ వైరస్ మురుగునీటి కొలతలకు పనికొచ్చింది. 2020లో కోవిడ్ వచ్చాక చాలా దేశాలు మురుగునీటిలో కరోనా ఆర్‌ఎన్‌ఏ వెతికాయి. హైదరాబాద్‌లో సీసీఎంబీ, ఐఐసీటీ పరిశోధన సంస్థలు ఆ పని చేశాయి. వానపడితే మురుగు పలచబడుతుంది, కరోనా అంకె పడిపోయినట్టు కనిపిస్తుంది. అందుకని అనేకచోట్ల అదే నీటిలో మిరప వైరస్‌నూ కొలిచి, కరోనా అంకెను దానితో భాగిస్తారు. మిరప వైరస్ కూడా అంతే పడిపోతే పలచబడింది నీరే. అది అలాగే ఉండి కరోనా ఒక్కటే తగ్గితే, ఊళ్లో జబ్బు తగ్గుముఖం పట్టినట్టు.