నడివయసులో చేతికొచ్చిన కొలత టేపు

చిత్తూరు జిల్లా నైరుతి కొసన, ఒక పక్క కర్ణాటకకూ మరో పక్క తమిళనాడుకూ ఆనుకుని ఉన్న కుప్పం ప్రాంతంలో నడివయసులో వృత్తి మార్చుకోవడం కొత్త సంగతి కాదు. గుడుపల్లె మండలానికి అది ఒకసారి మూకుమ్మడిగా వచ్చిపడిన అనుభవం. కోలారు బంగారు గనులను నడిపిన ప్రభుత్వ రంగ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ 2001 ఫిబ్రవరి 28న పని నిలిపివేయగా, ఆ సంస్థ ఆధ్వర్యంలోనే ఉన్న ఇక్కడి బిసానత్తం, చిగురుగుంట గనులు కూడా మూతపడ్డాయి. భూమి లోపలి పని తప్ప మరొకటి ఎరుగని కార్మికులు ఎందరో నలభై, యాభై ఏళ్ల వయసులో బతుకుతెరువు వెతుక్కుంటూ బెంగళూరు రైలెక్కవలసి వచ్చింది. కుప్పం, గుడుపల్లె, బిసానత్తం, కామసముద్రం, బంగారుపేట స్టేషన్ల మీదుగా సాగే ఆ రైలు మార్గమే ఈనాటికీ ఇక్కడి పల్లెలను మహానగరపు జీతాలతో కలుపుతున్నది.

అప్పటి మార్పు తప్పనిసరై వచ్చినది. కోరి చేసుకునే మార్పు సంగతి వేరు. అందులో ఇంటీరియర్ డిజైన్ పేరు ఈ మధ్య తరచుగా వినబడడానికి బెంగళూరు అపార్ట్‌మెంట్లే మూలం. లివ్‌స్పేస్, హోమ్‌లేన్ వంటి సంస్థలు 2014లో ఆ నగరంలో మొదలై, వంటగదినీ బీరువాలనూ ముందే లెక్కగట్టి, ఫ్యాక్టరీలో కోయించి, ఇంటికి తెచ్చి బిగించే పద్ధతిని మధ్యతరగతికి పరిచయం చేసిన తరువాత, డిజైనరు అన్న ఉద్యోగం ధనవంతుల బంగళాల నుంచి రెండు పడగ్గదుల ఇళ్లలోకి దిగివచ్చింది. ఆ ఉద్యోగం చేయవలసిన పని మాత్రం బయటివారు అనుకునేదానికన్నా చాలా ఎక్కువ. గోడలకు రంగులూ కిటికీలకు తెరలూ ఎంచడం అలంకరణ. అది ఇందులో ఒక పాలు మాత్రమే. కట్టడం లోపలి చోటును అక్కడ జరిగే పనులను బట్టి విభజించడం, నడకదారులు, వెలుతురు, గాలి, కరెంటు పాయింట్లు, నీటి గొట్టాలు, అరలు అన్నిటినీ కొలతలతో నిర్ణయించడం, ఆ నిర్ణయాలను పనివారు చదవగలిగే పటాలుగా గీసి ఇవ్వడం, అవి సైటులో అలాగే అమలయ్యేట్లు చూడడం కలిస్తేనే అది ఇంటీరియర్ డిజైన్ అవుతుంది.

ఈ వృత్తి పుట్టుకలోనే ఆలస్యంగా వచ్చినవారి చేయి ఉన్నది. న్యూయార్కు రంగస్థల నటి ఎల్సీ డి వోల్ఫ్ నలభై దాటిన తరువాత, 1905లో నాటకాలు మానుకుని, ఆ నగరంలో స్త్రీల కోసం కడుతున్న కాలనీ క్లబ్బు లోపలి పని చేపట్టింది. బరువైన తెరలతో చీకట్లు కమ్మిన ఆనాటి ధనికుల గదులకు భిన్నంగా, లేత రంగులతో, పూల అచ్చు బట్టలతో 1907లో తెరుచుకున్న ఆ క్లబ్బు ఆమెకు వృత్తిగా గుర్తింపు తెచ్చింది. మన దేశంలో ఇంతకన్నా విశేషమైన జీవితం దీదీ కాంట్రాక్టరుది. 1929లో అమెరికాలో చిత్రకారుల ఇంట పుట్టి, గుజరాతీ యువకుణ్ణి పెళ్లాడి ముంబయిలో కాపురమున్న ఆమె, తరువాత హిమాచల్‌ప్రదేశ్‌లోని కాంగ్రా లోయకు చేరి, అరవయ్యో పడిలో మట్టితో, వెదురుతో, పలకరాయితో ఇళ్లు కట్టించడం మొదలుపెట్టింది. ఆర్కిటెక్చరు పట్టా లేకుండానే 2018 సంవత్సరానికి నారీశక్తి పురస్కారం అందుకుని 2021లో కన్నుమూసింది. ఇటువంటి ఉదాహరణలు ఉత్సాహం కలిగించే మాట నిజమే గాని, పట్టా లేకుండా నెగ్గినవారి వెనుక కళతో కలిసి గడిచిన బాల్యమో, డబ్బున్నవారితో పరిచయమో ఉన్నదన్న సంగతి దాచరాదు. గుడుపల్లె నుంచి బయలుదేరేవారికి ఆ అండ ఉండదు. అందువల్లనే వారికి క్రమబద్ధమైన చదువు మరింత అవసరం.

ఆ చదువు దగ్గరే వయసు అడ్డుపడుతుంది. అహ్మదాబాదులోని సెప్ట్ విశ్వవిద్యాలయంలో ఇంటీరియర్ డిజైన్‌కు ప్రత్యేక విభాగం 1991లో ఏర్పడింది. అదే నగరంలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో ఫర్నిచర్, ఇంటీరియర్ డిజైన్ కలిపి ఒక శాఖగా ఉన్నది. అయితే ఈ రెండో సంస్థలో డిగ్రీ స్థాయి ప్రవేశానికీ, ఐఐటీల డిజైన్ డిగ్రీ కోసం జరిగే యూసీడ్ పరీక్షకూ గరిష్ఠ వయసు నిర్ణయించి ఉన్నది కనుక, ఇంటర్ ముగించిన పిల్లలకు తెరిచిన ఆ గుమ్మం నలభై ఏళ్లవారికి మూసుకునే ఉంటుంది. పీజీ స్థాయిలో పరిస్థితి వేరు: ఇంటర్ తరువాత కనీసం మూడేళ్ల చదువు పూర్తిచేసినవారెవరైనా రాయదగిన సీడ్ పరీక్షకు వయసు పరిమితి లేదు. బీకాం చదివి రెండు దశాబ్దాలు లెక్కలు రాసినవారు కూడా ఆ పరీక్షలో కూర్చోవచ్చునన్న సంగతి చిన్న ఊళ్లలో చాలామందికి తెలియదు. పదో తరగతితో ఆగినవారికి ఐటీఐలలో ఇంటీరియర్ డిజైన్ అండ్ డెకరేషన్ అన్న ఏడాది ట్రేడు ఉన్నది. కుప్పంలో 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం ప్రధానంగా భాషా సంస్కృతుల అధ్యయనానికి ఉద్దేశించినది కాబట్టి, ఈ విద్య కోసం చూపు సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని బెంగళూరు వైపే మళ్లుతుంది.

చేరిన తరువాత ఎదురయ్యే అసలు పరీక్ష స్టూడియో. డిజైన్ విద్యలో స్టూడియో అంటే ఉపన్యాసం వినే గది కాదు; ఇచ్చిన చోటుకు ఒక పరిష్కారం గీసి, దాన్ని గోడకు తగిలించి, జ్యూరీ అనే విమర్శకుల బృందం ముందు నిలబడి తప్పులు వినిపించుకుని, తిరిగి మొదటి నుంచి గీసే పద్ధతి. బడిలో పెద్ద పంతులమ్మగా మన్ననలందుకున్న మనిషికి, తన కొడుకు ఈడు సహాధ్యాయుల నడుమ అది కొరుకుడు పడడానికి కొంత కాలం పడుతుంది. ఆన్‌లైన్ కోర్సులు ఈ ఇబ్బందిని తప్పిస్తాయి గాని, చాలావరకు ఆటోక్యాడ్, స్కెచప్ వంటి సాఫ్ట్‌వేర్లతో మొదలై త్రీడీ బొమ్మతో ముగుస్తాయి. ఇది తలకిందుల వరుస. త్రీడీ బొమ్మ ఇంటివారిని ఒప్పించడానికి పనికివస్తుంది. వడ్రంగికి కావలసినది మాత్రం ప్లాను, ఎలివేషన్, సెక్షన్, అంటే వరుసగా పైనుంచి చూసిన పటం, ఎదుట నిలబడి చూసిన పటం, నిలువునా కోసి చూపిన పటం. ఈ మూడింటినీ చేత్తో, స్కేలు పెట్టి గీయడం వచ్చిన తరువాతే కంప్యూటరు ముందు కూర్చోవడం మేలు.

పటం తరువాత వస్తువు. ప్లైవుడ్ షీటు సాధారణంగా ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, అంటే 32 చదరపు అడుగులు. బీరువా పెట్టెకు తరచుగా వాడేది 18 మిల్లీమీటర్ల మందం. షీటు మీద ముద్రించే ఐఎస్ 303 అన్నది సాధారణ వాడకపు ప్లైవుడ్‌కూ, ఐఎస్ 710 అన్నది నీటిని బాగా తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌కూ భారతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చిన సంఖ్యలు. సింకు కింద ఏది వాడాలో, పడగ్గది అటకకు ఏది చాలునో ఈ సంఖ్యలే చెబుతాయి. ఒక షీటులోంచి ఎన్ని పలకలు వస్తాయి, ఎంత వృథా పోతుంది అన్న లెక్క ఆధారంగా, మొత్తం పనికి పట్టే సామాను, కూలి వివరాలతో రాసే పట్టీని బీఓక్యూ అంటారు. ఇంటి ఖర్చును రూపాయి రూపాయి చొప్పున దశాబ్దాలు నడిపినవారు దీన్ని ఇట్టే పట్టుకుంటారు. కొత్త పట్టభద్రులు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

నడివయసు విద్యార్థికి ఉన్న పెట్టుబడి ఏమిటన్న ప్రశ్నకు ఈ ప్రాంతపు వంటగదే మంచి సమాధానం ఇస్తుంది. బజారులో అమ్ముడయ్యే మాడ్యులర్ వంటగట్టు ఎత్తు దాదాపు 34 అంగుళాలు. దాని మీద స్టవ్వు నాలుగు అంగుళాలు, సంగటి వండే గిన్నె పది అంగుళాలు అనుకుంటే, గిన్నె అంచు నేల నుంచి 48 అంగుళాల ఎత్తులో, అంటే అయిదు అడుగుల స్త్రీకి ఇంచుమించు భుజం దగ్గర నిలుస్తుంది. కూర తాలింపుకు అది సమస్య కాదు. రాగి సంగటిని మాత్రం గిన్నెను అదిమిపట్టి, తెడ్డు మీద ఒంటి బరువంతా వేసి కెలకాలి. భుజం ఎత్తున ఉన్న గిన్నె మీద ఆ బరువు వేయడం సాధ్యం కాదు కనుకనే, లక్షలు పోసి వంటగది కట్టించుకున్న ఇళ్లలో కూడా సంగటి గిన్నె పెరట్లోకో నేలమీదికో దిగుతుంది. స్టవ్వు ఉన్న భాగాన్ని పది అంగుళాలు దించితే గిన్నె అంచు మోచేతి దరికి వస్తుంది, పరిష్కారం అంతే. ఇరవై ఏళ్లు సంగటి కెలికిన ఇల్లాలి చేతికి ఈ బాధ తెలుసు. ఆ బాధను అంగుళాల్లోకి మార్చడమే ఆమె నేర్చుకోవలసిన విద్య.

అనుభవం ఉంటే చాలునని దీని అర్థం కాదు. చరిత్ర అందుకు విరుద్ధమైన సాక్ష్యమే ఇస్తున్నది. ఆధునిక వంటగదికి తల్లి అనదగిన ఫ్రాంక్‌ఫర్ట్ వంటగదిని 1926లో రూపొందించిన ఆస్ట్రియా ఆర్కిటెక్టు మార్గరెటె షూట్టె లిహోట్స్‌కీ, అప్పటికి తాను వంట చేసి ఎరుగనని తరువాతి కాలంలో చెప్పుకున్నది. కర్మాగారాల్లో శ్రమను కొలిచే శాస్త్రంలో భర్తతో కలిసి పేరు పొందిన అమెరికా ఇంజనీరు లిలియన్ గిల్‌బ్రెత్, 1924లో భర్త చనిపోయి, స్త్రీ అన్న కారణంగా కర్మాగారాల పని తగ్గిపోగా, పదకొండుమంది పిల్లల భారం మోస్తూ వంటగది పరిశోధన వైపు మళ్లి, 1929లో బ్రూక్లిన్ గ్యాస్ కంపెనీ కోసం అడుగుల సంఖ్య తగ్గించే వంటగదిని రూపొందించింది. అప్పటికి ఆమెకు యాభై దాటింది, పైగా ఆమె కూడా వంటలో ఆరితేరినదేమీ కాదు. వంట రానివారు కొలత, పరిశీలన, ప్రశ్నించే పద్ధతి తెలిసినందువల్ల అంత సాధించగా, వంట ఎరిగి కొలత నేర్వనివారి జ్ఞానం వారి వంటింటితోనే ఆగిపోయింది. రెండూ ఒకే మనిషిలో కలిసే అవకాశం నడివయసు విద్యార్థి దగ్గర మాత్రమే ఉన్నది.

ఈ ప్రాంతంలో డిజైన్‌కు పనికివచ్చే అనుభవం సంగటి ఒక్కటే కాదు. కుప్పం, పలమనేరు, మదనపల్లె చుట్టుపక్కల పట్టుపురుగులు పెంచే రైతులు, చాకీ అనే లేత దశలో 27, 28 డిగ్రీల వేడినీ 85 నుంచి 90 శాతం తేమనూ, ఎదిగిన పురుగులకు 24, 25 డిగ్రీలనూ 70 శాతం తేమనూ షెడ్డులో నిలపడానికి కిటికీలు, తడి గోనెపట్టాలు, కప్పు ఎత్తు అన్నిటినీ సర్దుకుంటారు. గది లోపలి గాలిని అదుపుచేసే ఈ విద్యనే డిజైన్ కళాశాలలు వాతావరణ నియంత్రణ అన్న పేరుతో ప్రత్యేక పాఠంగా చెబుతాయి. కుప్పం గ్రీన్ అన్న పేరుతో అమ్ముడుపోయే ఇక్కడి గ్రానైట్‌ను కోసి మెరుగుపెట్టే పనివారికి, ఏ పలక సన్నని పగులు దాచుకున్నదో తట్టి వింటే తెలుస్తుంది. మదనపల్లె పట్టు నేతగాళ్లకు రంగుల పొందిక ఎవరూ నేర్పనక్కరలేదు.

ఇక వృత్తి చేసే హక్కు విషయం. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం ఆర్కిటెక్టు అన్న బిరుదును నమోదు చేసుకున్నవారే వాడుకోవాలి. ఆ చట్టం నిషేధించేది బిరుదు వాడకాన్నే తప్ప ఆ పని చేయడాన్ని కాదని సుప్రీంకోర్టు 2020 మార్చి 17న తీర్పు చెప్పింది. ఇంటీరియర్ డిజైనరు అన్న పేరుకైతే అటువంటి చట్టరక్షణ కూడా లేదు. అదే 1972లో ఏర్పడిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ ఇంటీరియర్ డిజైనర్స్ వృత్తి సంఘమే గాని లైసెన్సు ఇచ్చే సంస్థ కాదు. ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. ఆలస్యంగా వచ్చినవారికి ఇది వరం, ఆరు నెలల సర్టిఫికెట్‌తో బోర్డు పెట్టే పోటీదారులకూ అదే వరం. అందుచేత చేతిలో ఉన్న పటాల కట్ట తప్ప మనిషిని మనిషి నుంచి వేరుచేసేది ఏదీ మిగలదు.

పుంగనూరు, కుప్పం వంటి ఊళ్లలో పటానికి డబ్బు అడిగితే ఇంటివారు వింతగా చూస్తారు. గీత ఉచితం, పనికే రూపాయలు అన్నది అలవాటు. ఆ కారణంగా చాలామంది డిజైనర్లు తమ ఫీజును ప్లైవుడ్ దుకాణం ఇచ్చే కమీషన్లోనో, పని ధరలోనో కలిపేసుకుంటారు. దాంతో ఖరీదైన షీటు వాడించడమే వారికి లాభమై, ఇంటివారి ప్రయోజనానికీ వారి సంపాదనకూ మధ్య పేచీ మొదలవుతుంది. ఫీజును చదరపు అడుగుకు ఇంత అనో, మొత్తం ఖర్చులో ఇంత శాతం అనో ముందే కాగితం మీద రాసుకుని, అందులో కొంత మొదటి పటం ఇచ్చేనాడే తీసుకునే పద్ధతి నగరాల్లో స్థిరపడింది. నలభై అయిదేళ్ల వయసులో, పిల్లల ఫీజులు కట్టవలసిన బాధ్యతతో ఈ పనిలోకి దిగే వ్యక్తికి ఏడాదిపాటు కమీషన్లు వదులుకోవడం సులువు కాదు కనుక, పాత ఉద్యోగాన్ని ఒక్కసారిగా మానక, బంధువుల ఇళ్లలో ఒక వంటగది, ఒక పూజగది వంటి చిన్న పనులు రాసుకున్న ఫీజుకే చేసి, వాటి పటాలనూ బీఓక్యూలనూ భద్రపరచి, తరువాతి ఇంటివారికి చూపడం ఇక్కడి పరిస్థితుల్లో ఆచరణీయమైన దారిగా కనబడుతున్నది.