వినబడకపోవుట వేరు, తెలియకపోవుట వేరు

ఈ వారము మనలో అనేకుల ఇండ్లలో ఉన్న ఒక భారమును గూర్చి మాట్లాడుకొందాము. మతిమరుపు జబ్బు, అనగా డిమెన్షియా, దానితోపాటు చెముడు కూడా ఉన్న తల్లినో తండ్రినో డాక్టరు దగ్గరకు ఎలా తీసుకొని వెళ్ళాలి?

డాక్టరు గారు "ఈ రోజు ఏ వారమమ్మా?" అని అడుగుతారు. అమ్మ ఊరకే చూస్తుంది. వెంటనే కొడుకు "ఆమెకేమీ తెలియదండీ" అంటాడు. ప్రియులారా, ఆమెకు తెలియలేదా, లేక వినబడలేదా? జ్ఞాపకశక్తి పరీక్షలో ఎక్కువ ప్రశ్నలు నోటితోనే అడుగుతారు. మూడు మాటలు చెప్పి, కాసేపాగి మరల చెప్పమంటారు. ఆ మాటలు చెవిని పడకపోతే ఆమె ఏమి చెప్పగలదు? అప్పుడు జబ్బు ఉన్నదానికంటె ఎక్కువగా కనబడుతుంది. ఇంకొక మాట. డిమెన్షియాకు దారితీసే, మనము తగ్గించుకోగల 14 కారణములను లాన్సెట్ కమిషన్ 2024లో చెప్పినప్పుడు, వినికిడి లోపము వాటిలో ఒకటి. కాబట్టి చెవిని చిన్న సంగతిగా ఎంచవద్దు.

మొదటిది, బయలుదేరక ముందు. చెవిలో గులిమి అడ్డుపడి ఉన్నదేమో ముందుగానే చూపించండి. పుల్లలు పెట్టి తీయవద్దు. వినికిడి మిషను ఉంటే కొత్త బ్యాటరీ వేయండి. కళ్ళజోడు మరువవద్దు, పెదవుల కదలిక చూసి కూడా వారు మాట గ్రహిస్తారు. మందులన్నీ ఒక సంచిలో వేసుకోండి. నిద్ర మాత్రలు, కొన్ని జలుబు మాత్రలు తికమకను పెంచుతాయి. సందె వేళ చాలామందికి కలత ఎక్కువవుతుంది గనుక వీలైతే ఉదయమే సమయము తీసుకోండి.

రెండవది, కాచుకొని ఉండే వేళ. ఇద్దరు వెళ్ళండి. ఒకరు ఓపీ చీటీ కోసము వరుసలో నిలబడితే, ఒకరు సందడి లేని చోట అమ్మ ప్రక్కన కూర్చోవాలి. ఇంటి ఫోను నంబరు వ్రాసిన చీటీ ఆమె దగ్గర ఉంచండి.

మూడవది, డాక్టరు గదిలో. "అమ్మకు కుడిచెవి కొంచెము నయము, ఎదురుగా కూర్చొని నిదానముగా మాట్లాడండి" అని మొట్టమొదట చెప్పండి. కేకలు వేస్తే మాట స్పష్టము కాదు, పైగా కోపపడుతున్నారని ఆమె భయపడుతుంది. ఒకసారి ఒక్క ప్రశ్నే అడగాలి. చదువు వచ్చినవారైతే పెద్ద అక్షరములతో వ్రాసి చూపించండి. జవాబు మొదట ఆమెనే చెప్పనివ్వండి, తరువాత మీరు చేర్చండి. రాత్రులు లేచి తిరుగుట, బట్టలు తడుపుకొనుట వంటివి ఆమె ముందు పైకి చెప్పవద్దు. ముందే కాగితము మీద వ్రాసి డాక్టరు చేతికివ్వండి. జబ్బు ఉన్నా సిగ్గు, బాధ ఉంటాయి.

బి12 లోపము, థైరాయిడ్ తక్కువగుట కూడా మతిమరుపు తెస్తాయి, వాటికి మందులున్నాయి. ఆ రక్తపరీక్షలు చేశారా అని అడగండి. నిన్నటివరకు ఒకలా ఉన్నవారు ఒకటి రెండు రోజులలోనే మారిపోతే "ముసలితనము" అని ఊరుకోవద్దు. మూత్రములో ఇన్ఫెక్షన్ వంటిది కారణము కావచ్చు. వెంటనే తీసుకొని వెళ్ళండి.

నాలుగవది, బయటికి వచ్చే ముందు. ఏ మందు ఎప్పుడు వేయాలో, మరల ఎప్పుడు రావాలో వ్రాయించుకోండి. ఇంటికి వచ్చి "డాక్టరు ఏమన్నాడో చెప్పు" అని ఆమెను పరీక్షించవద్దు.

చివరిగా సంఘస్థులకు ఒక మాట. అత్తగారిని ఒంటరిగా ఆటోలో ఎక్కించుకొని వెళ్ళే కోడలు మీ వీధిలోనే ఉండవచ్చు. "ఎలా ఉన్నారమ్మా" అని ఆదివారము అడిగి ఊరుకొనవద్దు. "ఏ రోజు వెళ్తున్నారు? నేనూ వస్తాను, వరుసలో నేను నిలబడతాను" అనండి.