పైపు కాలువలో పాత కుండ

కోవిల్‌పట్టి, విరుదునగర్ చుట్టుపక్కల నల్లరేగడి నేలలు ఎక్కువ. అక్కడ ఈ నేలను కరిసల్ అంటారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, తమిళంలో కరిసల్ కథలు రాసిన కి. రాజనారాయణన్ పుట్టిన ఇడైసేవల్ కోవిల్‌పట్టి పక్కనే ఉంది. వేసవిలో ఈ నేల నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బి మూసుకుంటుంది. ఆ నెర్రెల్లోంచి పూసో, పెంకో కిందికి జారిపోతుంది. కాబట్టి రేగడిలో లోతున దొరికిందల్లా పాతదే అనుకోలేం. అది దేని పక్కన, ఏ తీరున ఉందన్నదే అసలు సాక్ష్యం.

పురావస్తు శాఖ దిబ్బను ఎంచుకుని, గళ్లు గీసి, మట్టిని పలచగా గీకుతూ తవ్వుతుంది. వైప్పారు నది ఒడ్డున విజయకరిసల్‌కుళం దగ్గర 2022 మార్చిలో మొదలైన వెంబకోట్టై తవ్వకాల్లో శంఖు గాజులు, పూసలు, చిన్న రాతి పనిముట్లు అలాగే బయటపడ్డాయి. నీటి పథకాల పైపుల కోసం తవ్వే కాలువకు ఆ ఎంపిక లేదు. చేలనూ బీళ్లనూ కోసుకుంటూ పోయి, ఎవరూ తవ్వాలనుకోని చోట నేల పొరలను చూపిస్తుంది. అది గొప్ప అవకాశం. కానీ జేసీబీ ఒక్క పట్టు పట్టిందంటే కుండతో పాటు దాని చుట్టూ ఉన్న వరుస కూడా చెదిరిపోతుంది. పెంకులు అతికించవచ్చు, వరుసను అతికించలేం.

తూత్తుకుడి జిల్లా శివకళైలో చనిపోయినవారి ఎముకలుంచే పెద్ద కుండలు దొరికాయి. తమిళులు వాటిని ముదుమక్కళ్ తాళి అంటారు. అలాంటి ఒక తాళిలో ఉన్న వరి గింజలను కార్బన్-14 పద్ధతిలో పరీక్షిస్తే క్రీ.పూ. 1155 నాటివని తేలింది. మొక్క చచ్చాక దానిలోని కార్బన్-14 ప్రతి 5,730 ఏళ్లకు సగమవుతుంది, లెక్కకు ఆధారం అదే. ఆ గింజలు కుండలో ఉన్నాయి కాబట్టే వాటిని ఆ సమాధితో ముడిపెట్టగలిగారు. అవే చెదిరి మట్టిలో కలిసివుంటే, నిన్నటి పంట గింజలు కావని ఎవరు చెప్పగలరు?

జర్మనీలో గ్యాసు పైపు పనికి ముందే పురావస్తు నిపుణులు ఆ దారి పొడవునా పరిశీలించారు. 2011లో గెసెల్ అనే ఊరి దగ్గర 117 బంగారు వస్తువులు కనిపించాయి. వాటిని ఒక్కొక్కటిగా పెరకకుండా, మట్టిగడ్డతో సహా కోసి తీసుకెళ్లి సీటీ స్కాన్ చేశారు. అందుకే ఏ వస్తువు పక్కన ఏ వస్తువు పెట్టారో కూడా తెలిసింది. మన నీటి పథకాలకూ ఇలాంటి ముందస్తు పరిశీలన తప్పనిసరి కావాలి.

నేలలో దాగిన, పది రూపాయలకు మించి విలువ చేసే నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. మీ ఊరి కాలువలో గుండ్రటి కుండ మూతి కనిపిస్తే పని ఆపించండి, ఉన్నచోటే ఫోటో తీయండి, తహసీల్దారుకు చెప్పండి. కుండను మాత్రం కదపకండి.