సరిచూడని ప్రతి

తాళపత్రముల కాలములో గ్రంథమునకు ప్రతి వ్రాయుట ఒక పని; వ్రాసిన ప్రతిని మూలముతో సరిచూచుట మరియొక పని. వ్రాయసగాడు గంటము క్రింద పెట్టినంతనే ప్రతి సిద్ధమైనట్లు పండితులు తలచెడివారు కారు. బ్రౌను దొర పండితులకు జీతములిచ్చి, ఒక్కొక్క కావ్యమునకు పలు ప్రతులు తెప్పించి, వానిని పోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయించినది ఈ రెండు పనుల తారతమ్యము ఎరిగియే. ఆయన సేకరణ నేడు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయములో ఉన్నది.

ఇంటి కంప్యూటరు విషయమున మొదటి పని చేయువారు కొందరున్నారు. రెండవ పని చేయువారు బహు అరుదు.

ఉపాధ్యాయుని ఇంటి కంప్యూటరులో ప్రశ్నపత్రములు, మార్కుల పట్టికలు, పిల్లల ఫొటోలు, ఏండ్ల తరబడి వ్రాసికొన్న పాఠములు, అన్నియు ఒకే హార్డు డిస్కు మీద ఉండును. పాత రకపు డిస్కులో నున్నని పళ్లెములు నిమిషమునకు 5,400 లేక 7,200 మారులు తిరుగుచుండును. వెంట్రుక మందములో వేయవ వంతైనను లేని ఎత్తున, చదువు ముల్లు వాని మీద తేలుచుండును. కుదుపు తగిలి ఆ ముల్లు పళ్లెమును గీరెనా, అక్షరములు పోయినట్లే. కొత్త రకపు ఎస్.ఎస్.డి.లో తిరుగు భాగములు లేవు గాని, అది ఏ హెచ్చరికయు లేకుండ ఒక ఉదయమున మూగవోవచ్చును.

రక్షించుకొను మార్గములలో సులభమైనది ఫైళ్లను మాత్రము బయటి డిస్కులోనికి ఎత్తుకొనుట. వ్యాసములకును ఫొటోలకును అది చాలును. కాని డిస్కు చెడిన నాడు కొత్తది కొని, విండోసు నెక్కించి, ప్రింటరు మొదలుకొని ఒక్కొక్క ప్రోగ్రామును తిరిగి అమర్చుకొనుటకు దినములు పట్టును. డిస్కు ఇమేజి అట్లు కాదు. విండోసు, ప్రోగ్రాములు, ఫాంట్లు, ఫైళ్లు, సమస్తమును ఉన్నది ఉన్నట్లు ఒకే మూటగా కట్టి దాచుట అది. కొత్త డిస్కు మీద ఆ మూట విప్పినచో, కట్టిననాటి స్థితిలోనే కంప్యూటరు లేచి కూర్చుండును. క్లోనెజిల్లా అను ఉచిత ప్రోగ్రాము ఈ పని చేయును. అది పెన్ డ్రైవు నుండియే నడచును గనుక విండోసు మూలబడినను చింత లేదు. కొత్త డిస్కు మాత్రము పాతదాని కంటె చిన్నది కారాదు.

తెలుగు వ్రాయువారికి ఇచ్చట మరియొక చిక్కు కలదు. యూనికోడు వాడుక స్థిరపడకముందు అను ఫాంట్లతో, పేజ్‌మేకరులో కూర్చిన పాఠములు, కవితా సంపుటములు ఇంకను ఎన్నియో ఇండ్లలో ఉన్నవి. ఆ ఫైళ్లలో నిజముగా ఉన్నవి తెలుగు అక్షరముల సంకేతములు కావు, రోమను అక్షరముల సంకేతములు. వానికి తెలుగు రూపము తొడుగునది ఫాంటు. ఫైలును దాచి ఫాంటును విడిచినవానికి, కొత్త కంప్యూటరులో కనబడునది అర్థములేని గిలుకుడు. ఫైలు పోలేదు, ఒక్క బైటైనను చెడలేదు, అయినను చదువ వీలులేదు. ఇట్టివారికి ఇమేజి విలువ ఎంతో హెచ్చు. అయితే యంత్రమే పూర్తిగా మారినపుడు పాత ఇమేజి దానిపై లేవకపోవచ్చును గనుక, ఫైళ్ల నకలును, ఫాంట్లను వేరుగ ఉంచుకొనుట మానరాదు.

ప్రతులు తీయుచునే ఉండి మోసపోయినవారి కథలలో అమెరికాలోని పిక్సార్ స్టూడియో కథ పేరుపొందినది. 1998లో అచ్చట ‘టాయ్ స్టోరీ 2’ అను బొమ్మల చలనచిత్రము తయారగుచుండగా, పొరపాటున ఇచ్చిన ఒక్క ఆజ్ఞతో చిత్రపు ఫైళ్లు వరుసగా తుడిచిపోసాగినవి. యంత్రమును ఆపునప్పటికే చాల భాగము మాయమైనది. బ్యాకప్పులున్నవి గదా అని తీసి చూడగా, కొంతకాలముగా అవి సరిగా పడుటయే లేదని తేలినది! విప్పి చూచు అలవాటు లేనందున ఆ లోపము అంతవరకు బయటపడలేదు. గేలిన్ సుస్మన్ అను సాంకేతిక నిపుణురాలు, పసిబిడ్డ తల్లి యగుటచే ఇంటనుండి పనిచేయుటకై, చిత్రపు ప్రతిని తన ఇంటి కంప్యూటరులో ఉంచుకొనియుండెను. ఆ యంత్రమును దుప్పట్లలో చుట్టి, కారులో స్టూడియోకు తెచ్చిరి. అంతటితోనైనను పని తీరలేదు. వేలకొలది ఫైళ్లను మనుష్యులే కూర్చుండి సరిచూడవలసి వచ్చినది. చిత్రము 1999లో విడుదలైనది.

కావున తెరమీద ‘పూర్తయినది’ అను మాట కనబడినంతనే తృప్తి చెందరాదు. నెలకొకసారి బయటి డిస్కును వేరొక కంప్యూటరుకు తగిలించి, పాతవి కొన్ని, కొత్తవి కొన్ని ఫైళ్లు తెరచి చివరి పుట వరకు చూడవలెను. ఇమేజినైతే ఆరు మాసములకొకసారి వేరొక ఖాళీ డిస్కు మీద విప్పి, దానితో కంప్యూటరు లేచునో లేదో పరీక్షింపవలెను. వాడుకలోనున్న డిస్కు మీదనే ఈ ప్రయోగము చేయుట సాహసము. ఇమేజి చెడ్డదైనచో ఉన్నదియు పోవును. ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయులు కలసి ఒక ఖాళీ డిస్కు కొనుక్కొని, వాడిన పిదప తుడిచి మరియొకరికి ఇచ్చుకొనినను సరిపోవును.

2017 మే మాసములో వానాక్రై అను దుష్ట ప్రోగ్రాము దేశదేశముల కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళము వేసి సొమ్మడిగినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడ దానికి చిక్కినవి. ఇట్టివి యంత్రమునకు తగిలించియున్న బయటి డిస్కును సైతము విడువవు. పని ముగియగానే దానిని ఊడదీయవలెను. ఇంటర్నెట్టులో దాచితిమని ధైర్యపడువారును, ఇచ్చట తుడిచిన ఫైలు అచ్చట నిలుచుచున్నదో, దానితోపాటే తుడిచిపోవుచున్నదో చూచుకొనవలెను.

ఒక ప్రతి ఇంటను, మరియొకటి వేరొక ఊరి బంధువుల ఇంటను ఉండుట మేలు. డిస్కు మీద కాగితము అంటించి, ప్రతి తీసిన తేదీతో పాటు విప్పి చూచిన తేదీని కూడ వ్రాయవలెను. యంత్రమును లేపు పెన్ డ్రైవును అదే సంచిలో ఉంచినచో, అవసరమైన నాడు వెదుకులాట తప్పును.