రెండు గంటలు నిలిస్తేనే మేత

సూరత్ ప్రింటింగ్ మిల్లులకు గ్వార్ గమ్ పాత చుట్టం. గోరుచిక్కుడు గింజల నుంచి తీసే ఈ జిగురు చీర మీద రంగు పాకిపోకుండా పట్టి ఉంచుతుంది. నగరం దాటి ఓల్పాడ్ వైపు వెళ్తే ఉప్పునీటి చెరువులు. అక్కడి రొయ్యల మేతకూ ప్రాణం జిగురే.

రొయ్య చేపలా మేతను గుటుక్కున మింగదు. గుళికను కాళ్లతో పట్టుకుని తీరిగ్గా కొరుక్కు తింటుంది. ఈలోగా గుళిక విడిపోతే మాంసకృత్తులు, విటమిన్లు నీటిపాలే. అడుగున చేరిన పిండి కుళ్లి అమ్మోనియా పుడుతుంది, ఆక్సిజన్ తగ్గుతుంది. అందుకే గుళిక కనీసం రెండు గంటలు చెదరకూడదంటారు. సాగు ఖర్చులో సగానికి పైగా మేతదే మరి. టన్ను రొయ్యలకు 1,300 కిలోలు సరిపోవాల్సిన చోట 1,500 కిలోలు పడితే, 25 కిలోల బస్తాలు ఎనిమిది బురదలో పోసినట్లే.

జిగురు అనగానే రసాయనమే అనుకోనక్కర్లేదు. అసలు భారం మోసేది గోధుమ పిండి. ముడిసరుకును మెత్తగా పొడిచేసి ఆవిరిలో బాగా ఉడికిస్తే పిండి జిగటబారి, చేపల పొడినీ సోయానూ పట్టేస్తుంది. గ్వార్ గమ్, సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ వంటివి దానికి తోడు. వీటితో మర దగ్గర పొడి రాలడమూ తగ్గుతుంది. సరిగా నూరని, ఉడకని సరుకును మాత్రం ఏ జిగురూ గట్టెక్కించలేదు. మోతాదు మించితే రొయ్యకు సరిగా అరగదు కూడా.

ధర సంగతి మరొకటి. అమెరికా షేల్ గ్యాస్ బావులు గ్వార్ గమ్ కోసం ఎగబడడంతో 2012లో దాని ధర ఆకాశాన్నంటింది. దేశంలో ఫ్యూచర్స్ ట్రేడింగ్‌నే ఆపేయాల్సి వచ్చింది. గోధుమ పిండితోనే పని జరిపించుకునే మిల్లుకు ఆ సెగ తక్కువ.

2009లో వనామీ రొయ్యకు దేశంలో అనుమతి వచ్చాక మేతకు గిరాకీ పెరిగింది. గోదావరి ఒడ్డున కొవ్వూరులో మేత తయారుచేసే అవంతి ఫీడ్స్‌కు సూరత్‌కు దక్షిణాన, వల్సాడ్ జిల్లా పార్డీ ప్రాంతంలోనూ ప్లాంటు ఉంది. చెన్నైలోని ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ సీబాకు పక్కనే నవ్‌సారిలో కేంద్రం ఉంది.

బస్తా కొనేటప్పుడు రైతు చూపు ముందు ప్రొటీన్ శాతం మీద పడుతుంది. ఇంకో పరీక్ష ఉంది, ఖర్చు లేనిది. గాజు గ్లాసులో చెరువు నీళ్లు పోసి నాలుగు గుళికలు వేయాలి. రెండు గంటలు గడవకుండానే అడుగున పిండి ముద్ద మిగిలితే, డీలర్‌ను నిలదీయాల్సిందే.