వెతికేది గద్వాల... నేసేది అమరచింత!

ఇంటర్నెట్‌లో వెతకగానే పెద్ద కంపెనీల పేర్లే ముందెందుకు వస్తాయి? దాని వెనక ఓ పెద్ద తతంగమే ఉంది. గద్వాల చీరలు నేసే ఓ చిన్న ఊరికి ఆ తతంగంతో ఏం పని? చాలానే ఉంది.

ఇంట్లో పెళ్లి. గద్వాల చీర కొనాలి. షాపులన్నీ తిరిగే ఓపిక లేదు. సెల్‌ఫోన్ తీసి గూగుల్‌లో 'గద్వాల్ శారీ' అని కొట్టారు. అర సెకను పట్టదు... స్క్రీన్ నిండా చీరలే చీరలు! పైన 'స్పాన్సర్డ్' అని చిన్న అక్షరాలతో కనిపించేవి డబ్బు కట్టి వేయించుకున్న ప్రకటనలు. వాటి కిందివి పైసా కట్టకుండా వచ్చినవి. అక్కడా ముందు వరసలో ఉండేవి ఎక్కువగా పెద్ద దుకాణాలూ పెద్ద వెబ్‌సైట్లే. మీ వేలు ఎంతసేపు కిందికి జరిపినా, ఆ చీర నేసిన మగ్గం ఏ ఊళ్లో ఉందో తెలియడం కష్టం.

వనపర్తి జిల్లాలోని అమరచింత అలాంటి మగ్గాల ఊరు. జూరాల ప్రాజెక్టుకు ఇవతల అమరచింత. కృష్ణ దాటితే గద్వాల. నిజాం కాలంలో రెండూ వేర్వేరు సంస్థానాలు. మగ్గం మీద మాత్రం ఆ తేడా లేదు. ఒంటికి నూలు, అంచుకీ కొంగుకీ పట్టు, రెండింటినీ మగ్గం మీదే అతికించే కుప్పడం పనితనం... అమరచింత నేతన్నలు నేసేదీ గద్వాల చీరే. అగ్గిపెట్టెలో పట్టేంత మెత్తన అని పేరున్న చీర. కానీ బజారుకెళ్లాక దానికి ఒకటే పేరు - గద్వాల. ఇది ఈనాటి సంగతి కాదు. ఇంటర్నెట్ వచ్చాక మాత్రం ఆ పేరే ధరను తేలుస్తోంది. ఎందుకంటే జనం వెతికేది పేరుతోనే.

మనం ఏదైనా వెతికినప్పుడు తమ పేజీ ముందు వచ్చేలా కంపెనీలు చేసుకునే ఏర్పాట్లనే 'సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్' అంటారు. పొట్టిగా ఎస్‌ఈఓ. పెద్ద బ్రాండ్లు దీనికోసం ప్రత్యేకంగా మనుషుల్ని పెట్టుకుంటాయి. వాళ్లు మొదట చేసే పని చాలా మామూలుది: జనం ఏ మాటలు టైపు చేస్తున్నారో చూడటం. నేతన్న 'కుప్పడం' అంటాడు, 'కోటకొమ్మ అంచు' అంటాడు. కొనే ఆవిడ ఆ మాటలు కొట్టదు. 'పెళ్లికి గద్వాల్ పట్టు', 'పది వేల లోపు గద్వాల్ చీర', 'ఆకుపచ్చ గద్వాల్ ఎర్ర అంచు' అని కొడుతుంది. పెద్ద కంపెనీ వీటిలో ఒక్కోదానికీ ఒక్కో పేజీ తయారుచేసి పెడుతుంది. రంగుకో పేజీ, ధరకో పేజీ, పండగకో పేజీ. ఫొటో కింద అదేంటో అక్షరాల్లో రాస్తుంది. పేజీ సెల్‌ఫోన్‌లో చటుక్కున తెరుచుకునేలా చూసుకుంటుంది. అంతా కలిపి చూస్తే బ్రహ్మవిద్యేమీ కాదు. కానీ వేల చీరలకు, ఏడాది పొడవునా, విసుగు లేకుండా చేయాలి. ఇంటిల్లిపాదీ మగ్గం పనిలోనే ఉండే కుటుంబానికి ఆ తీరికెక్కడిది?

రెండోది సిఫార్సు. స్టాన్‌ఫోర్డ్ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో గూగుల్ కంపెనీ పెట్టినప్పుడు వాళ్ల ఆలోచన ఇదీ: ఒక వెబ్‌సైట్ మరోదానికి లింకు ఇచ్చిందంటే అది ఓటు వేసినట్టే. పెద్దమనుషులు వేసే ఓటుకు విలువెక్కువ. పెళ్లి సంబంధం గురించి ఊళ్లో వాకబు చేయడంలాంటిదన్నమాట. 1928 నుంచి ఉన్న చెన్నై నల్లి, 2017లో టాటాల టైటాన్ మొదలుపెట్టిన తనైరా లాంటి వాటి గురించి పత్రికలు రాస్తాయి, ఫ్యాషన్ సైట్లు రాస్తాయి. లింకులు వాటంతటవే పోగవుతాయి.

వాటంతటవే పోగవని చోట కొనుక్కున్నవాళ్లూ ఉన్నారు. ఆ కథ వినాల్సిందే. అమెరికాలో జేసీ పెన్నీ అని పాత, పెద్ద దుకాణాల సంస్థ. గౌన్లు, పరుపుల దుప్పట్లు, తివాచీలు... ఏది వెతికినా కొన్ని నెలలపాటు దాని పేరే ముందు. చివరికి శామ్సొనైట్ సూట్‌కేసు కోసం వెతికితే శామ్సొనైట్ సొంత సైటు కన్నా పెన్నీయే పైన! ఇదేదో వింతగా ఉందని న్యూయార్క్ టైమ్స్ తవ్వింది. సంబంధం లేని వేలాది పేజీల్లో పెన్నీకి లింకులు అతికించి ఉన్నాయని తేలింది. 2011 ఫిబ్రవరిలో గూగుల్ చర్య తీసుకుంది. ఒకటో స్థానంలో ఉన్న ఆ సూట్‌కేసుల పేజీ రెండు గంటల్లో 71కి పడిపోయింది. తమకు తెలియకుండా జరిగిందని చెప్పిన పెన్నీ, తన ఎస్‌ఈఓ సంస్థను తొలగించింది.

దానికి ముందు 2006లో జర్మనీ బీఎండబ్ల్యూ సైటుకూ ఇదే గతి. జనానికి ఒక పేజీ, గూగుల్‌కు 'పాత కార్లు' అన్న మాటను పదేపదే దట్టించిన ఇంకో పేజీ చూపిందని జాబితాలోంచే తీసేశారు. కొద్ది రోజులకే తిరిగి వచ్చిందనుకోండి. బీఎండబ్ల్యూ అని వెతికేవాళ్లకు బీఎండబ్ల్యూ కనిపించకపోతే పరువు పోయేది గూగుల్‌కే! పెద్ద పేరుకున్న అసలు బలం అక్కడే ఉంది. 2008లో అప్పటి గూగుల్ అధిపతి ఎరిక్ ష్మిట్ పత్రికల నిర్వాహకులతో మాట్లాడుతూ, ఇంటర్నెట్‌లో మురుగు పెరిగిపోతోందని, మంచి చెడులు వేరుచేసేది బ్రాండ్లేనని అన్నారు. 2023లో అమెరికా కోర్టులో గూగుల్ మీద విచారణ సాగినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. జనం దేనిమీద నొక్కుతున్నారన్న 13 నెలల లెక్కను కూడా గూగుల్ వాడుకుంటుందని ఆ సంస్థ ఉపాధ్యక్షుడు పాండు నాయక్ సాక్ష్యం చెప్పారు. తెలిసిన పేరు కనిపిస్తే మనం దాన్నే నొక్కుతాం. నొక్కినకొద్దీ అది పైకెళ్తుంది. పైనున్నదాన్నే మళ్లీ నొక్కుతాం.

ఇందులో మన వాటా కూడా ఉందన్నమాట.

గూగుల్‌కు చీరను చేత్తో తడిమి చూడటం రాదు. అక్షరాలే చదువుతుంది. 'గద్వాల్ స్టైల్' అని రాసిన మరమగ్గం చీరా, మగ్గం మీద కుప్పడం వేసిన చీరా దాని కంటికి రెండు పేజీలు, అంతే. గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు ఉన్నా, చీరల నేతను చేనేతకే కేటాయించిన 1985 చట్టం ఉన్నా, వెతుకులాటలో ముందుండేది బాగా రాసుకున్న పేజీయే.

మరి అమరచింత చేయగలిగేది లేదా? 'గద్వాల్ శారీ' అన్న మాట మీద పెద్దవాళ్లతో పోటీ పడటం వృథా అనే చెప్పాలి. పెద్ద బ్రాండ్లు రాయలేని పేజీలు మాత్రం ఇక్కడున్నాయి. అంచును ఒంటికి ఎలా కలుపుతారు? మరమగ్గం చీరను వెనక్కి తిప్పి ఎలా పోల్చుకోవాలి? నూలూ పట్టూ కలిసిన చీరను ఎలా ఉతకాలి? జనం అడిగే ఈ ప్రశ్నలకు మగ్గం దగ్గర కూర్చున్న మనిషి కన్నా బాగా ఎవరు చెప్పగలరు? సెల్‌ఫోన్‌తో తీసిన రెండు నిమిషాల వీడియో చాలు. గూగుల్ మ్యాప్‌లో సహకార సంఘాన్నో, మగ్గాల షెడ్డునో పెట్టుకోవడానికి రూపాయి ఖర్చు లేదు. గద్వాల పేరును వదులుకోనక్కర్లేదు కూడా... 'గద్వాల చీర, అమరచింత నేత' అని రెండూ పక్కపక్కనే రాసుకోవచ్చు.

అయితే ముందుగా ఒక చిన్న చిక్కు తీరాలి. ఊరి పేరును ఇంగ్లిషులో ఒకరు 'అమర్‌చింత' అని, ఇంకొకరు 'అమరచింత' అని, మరొకరు చివర ఒక హెచ్ చేర్చి రాస్తున్నారు. పెద్ద బ్రాండు తన పేరులో ఒక్క అక్షరం కూడా అటూ ఇటూ కానివ్వదు. ఈ మూడింట్లో ఏదన్నది ఊరే తేల్చుకుని, బోర్డు మీదా బిల్లు మీదా ఫొటో కిందా ఒకేలా రాసుకోవాలి.